సొంతంగా రాసి, సొంతంగా పాఠకుల దాకా చేర్చుకునే రచయితలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రచురణకర్త అండ లేకుండా పుస్తకం తెచ్చేవాళ్ళని పదే పదే పట్టుకునే సందేహాలు ఇవి. ఏ ప్రశ్నకి ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు. మా నమ్మకం ఒకటి ముందే చెప్పేస్తాం: ప్రచారం పాఠకుణ్ణి మొదటి పేజీ దాకానే తీసుకురాగలదు, అక్కణ్ణుంచి చెయ్యి పట్టుకుని నడిపించాల్సింది రాతే. అందుకే ఇక్కడ సగానికి పైగా జవాబులు పుస్తకాన్ని పూర్తిచేసి, తప్పుల్లేకుండా తయారుచేయడం గురించే.

## మొదటి దశ: చిత్తుప్రతి

ఉద్యోగం చేస్తూ రోజుకి ఎన్ని పదాలు పెట్టుకోవాలి?

తీరిక దొరికిన రోజు ఊపు చూసి లక్ష్యం పెట్టుకుంటే రెండో వారానికే తప్పుతుంది. ముందు రెండు వారాలు లక్ష్యమేమీ లేకుండా రాస్తూ తేదీ, కూర్చున్న సమయం, లేచిన సమయం, రాసిన పదాలు ఒక కాగితం మీద వేసుకోండి. వాటిలో బాగా తక్కువ రాసిన మూడు రోజులు తీసుకుని, వాటి సగటునే రోజువారీ లెక్కగా పెట్టుకోండి. అది 250 పదాలే అయినా చిన్నబుచ్చుకోనక్కర్లేదు. వారానికి ఐదు రోజులైతే 1,250. 48 వారాల్లో 60,000 పదాలు, అంటే ఒక నిండు నవల. ఇంకో మాట: ఇంగ్లీషు రచయితలు చెప్పే "రోజుకి వెయ్యి" తెలుగుకి అలాగే వర్తించదు. మన విభక్తులూ ప్రత్యయాలూ పదంలోనే కలిసిపోతాయి కాబట్టి అదే సంగతి చెప్పడానికి మనకి తక్కువ పదాలు పడతాయి.

కూర్చున్నాక మొదటి అరగంట ఊరికే పోతోంది. ఏం చెయ్యాలి?

ఆ అరగంటంతా నిన్న ఎక్కడ ఆగామో, ఏ మనస్థితిలో ఆగామో వెతుక్కోవడానికే పోతుంది. అందుకని లేచే ముందే రేపటికి దారం వదలాలి. అధ్యాయం పూర్తయిన చోట లేవకండి. తర్వాతి సన్నివేశం రెండు వాక్యాలు రాసి, మూడోది సగంలో ఉండగా ఆపండి. దాని కింద ఇలాంటి చీటీ ఒకటి రాసిపెట్టండి:

[ఆమె తలుపు తీస్తుంది. అన్న లేడు, రేడియో మాత్రం మోగుతోంది. ఆమెకి వచ్చేది కోపం కాదు, భయం. ఉత్తరం సంగతి ఇప్పుడే బయటపెట్టొద్దు.]

మర్నాడు ఆ సగం వాక్యాన్ని పూర్తిచేస్తే చాలు, వేళ్ళు కదులుతాయి. చీటీలో ఏం జరగాలో ఎంత ముఖ్యమో, ఏం జరగకూడదో కూడా అంతే ముఖ్యం. రాసే వేడిలో ఉన్న ఎరుక రాత్రి నిద్రతో కరిగిపోతుంది, ముందుగా కరిగేది ఆ "జరగకూడనిదే".

రాసిందే దిద్దుకుంటూ కూర్చుంటున్నాను. మూడో అధ్యాయం దాటడం లేదు.

రాయడం, దిద్దడం వేరు వేరు పనులు. ఒకే పూట రెండూ పెట్టుకుంటే దిద్దడమే గెలుస్తుంది, ఎందుకంటే అక్కడ దిద్దడానికి ఏదో ఒకటి కళ్ళ ముందు ఉంటుంది. చిత్తు పూర్తయ్యేదాకా పాత అధ్యాయాల ఫైలు తెరవకండి. కొత్తది కొత్త ఫైలులోనే రాయండి. "రెండో అధ్యాయంలో ఆయన్ని డాక్టరుగా కాక కాంపౌండరుగా మార్చాలి" అనిపిస్తే, "మార్పులు" అని ఒక ఫైలు పెట్టుకుని అందులో ఒక వరస రాసి, ఇప్పటికే మార్చేసినట్టు ముందుకి రాసుకుంటూ పొండి. తెలియని వివరం దగ్గర ఆగి ఇంటర్నెట్‌లోకి వెళ్ళొద్దు. అక్కడ @@ గుర్తు పెట్టి వదిలేయండి. చివర్లో ఆ గుర్తు కోసం వెతికితే అన్నీ ఒకేచోట బయటపడతాయి. మామూలు రాతలో రాని గుర్తయితేనే ఈ కిటుకు పనిచేస్తుంది.

25 నిమిషాల టైమర్ పద్ధతి రాతకి పనికొస్తుందా?

మొదలుపెట్టడానికి పనికొస్తుంది. 1980ల చివర్లో ఫ్రాన్సెస్కో సిరిల్లో చదువు కోసం తయారుచేసుకున్న పోమొడోరో పద్ధతి అది: 25 నిమిషాలు పని, 5 నిమిషాలు విరామం, నాలుగు విడతలయ్యాక పెద్ద విరామం. రాతలో చిక్కేమిటంటే, సన్నివేశం అప్పుడే ఊపందుకున్నాక గంట మోగుతుంది. అలాంటప్పుడు గంటని పట్టించుకోకండి. దిద్దుబాటు రోజుల్లో మాత్రం విరామం కచ్చితంగా పాటించండి, అలిసిన కన్ను తప్పుల్ని దాటేస్తుంది.

కథ మధ్యలో ఆగిపోయింది. తప్పు ఎక్కడ జరిగిందో ఎలా పట్టుకోవాలి?

ఆగిన చోట తప్పు దొరకడం అరుదు, మామూలుగా అది రెండు మూడు సన్నివేశాల వెనక ఉంటుంది. ఇప్పటిదాకా రాసిన ప్రతి సన్నివేశాన్నీ ఒక్కో వరసలో రాయండి: ఇందులో ఎవరికి ఏం కావాలి, ఏది అడ్డొచ్చింది, చివరికి ఏం మారింది. మూడో గడి ఖాళీగా ఉన్న సన్నివేశం దొరికితే అదే మీ గుంట. సన్నివేశం ముందు ఎలా ఉందో తర్వాత కూడా పరిస్థితి అలాగే ఉంటే, పాత్రలు మాట్లాడుకున్నాయి తప్ప కథ కదల్లేదన్నమాట. దాన్ని తీసేసి చూడండి. తీసేసినా తర్వాతి సన్నివేశం అర్థమవుతుంటే అది అక్కర్లేదు. ఇంకో మామూలు కారణం: ముఖ్యపాత్రకి కావలసింది తేలిగ్గా, ముందుగా దొరికిపోయి ఉంటుంది. దాన్ని మళ్ళీ దూరం చేయండి.

ముందే మొత్తం ప్లాన్ వేసుకోవాలా?

ముగింపు ఏ వైపు ఉంటుందో తెలిస్తే చాలామందికి సరిపోతుంది. నేర పరిశోధన కథల్లాంటి వాటికి మాత్రం ఎవరికి ఏ సంగతి ఏ రోజు తెలుస్తుందో ఒక పట్టిక ముందే వేసుకోండి. అది లేకపోతే దిద్దుబాటులో సగం పుస్తకం తిరగరాయాల్సి వస్తుంది.

నోటితో చెప్పి ఫోన్ చేత టైప్ చేయించుకోవచ్చా?

సంభాషణలు, తొలిచిత్తు వరకు బాగానే నడుస్తుంది. పేర్లు, ఒత్తులు, సంధులు తప్పుగా పడతాయి. అందుకే చెప్పిన రోజే సరిచూడండి. వారం తర్వాత తెరిస్తే ఆ తప్పుపదం వెనక మీరు అసలేమన్నారో మీకే గుర్తుండదు.

ఫైళ్ళు పోకుండా ఎలా దాచుకోవాలి?

మూడు కాపీలు, రెండు రకాల పరికరాల మీద, వాటిలో ఒకటి ఇంటి బయట. క్లౌడ్ ఫోల్డర్ ఉంది కదా అని ధీమాగా ఉండొద్దు. పొరపాటున మీరు తుడిచేసింది అక్కడా తుడిచిపెట్టుకుపోతుంది, ఎందుకంటే దాని పనే రెండు చోట్లా ఒకేలా ఉంచడం. వారానికోసారి తేదీ వేసి విడి కాపీ తీయండి. ఫైలు పేరు ముందు 2025-03-14 లాగా సంవత్సరం, నెల, రోజు వరసలో పెడితే ఫోల్డర్‌లో అవే కాలక్రమంలో సర్దుకుంటాయి. "ఫైనల్", "అసలు ఫైనల్", "కొత్త ఫైనల్" అని పేర్లు పెట్టినచోటే పాత ప్రతి అచ్చుకి వెళ్ళిపోతుంది.

## రెండో దశ: దిద్దుబాటు

ఎన్నిసార్లు దిద్దాలి? ఏ వరసలో?

లెక్క కంటే వరస ముఖ్యం. ముందు నిర్మాణం (ఏ అధ్యాయం ఉండాలి, ఏది పోవాలి), తర్వాత సన్నివేశం, తర్వాత వాక్యం, చివర అచ్చుతప్పులు. వాక్యాలు చెక్కడంతో మొదలుపెడితే, నెల తర్వాత పూర్తిగా తీసేయాల్సిన అధ్యాయాన్ని చెక్కుతూ కూర్చుంటారు. పైగా అంత చెక్కాక దాన్ని తీయడానికి చెయ్యి రాదు. చిత్తు అయిపోయాక కనీసం మూడు వారాలు తాకకండి. తర్వాత గట్టిగా చదవండి. నోరు తడబడ్డ చోట వాక్యం పొడుగైంది. చదువుతుంటే మీకే విసుగొచ్చిన పేరా పాఠకుడికి ఇంకా ముందే విసుగు తెప్పిస్తుంది.

చదివిన స్నేహితులంతా "బాగుంది" అంటున్నారు. దాంతో ఏం చేసుకోను?

"ఎలా ఉంది?" అని అడిగితే వచ్చే జవాబు అదే. మీ మీద ఉన్న ప్రేమ అలా అనిపిస్తుంది. ఇచ్చేటప్పుడే ఇవి అడిగి ఇవ్వండి: చదవడం ఎక్కడ ఆపి పక్కన పెట్టారు? ఎక్కడ వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివారు? ఎవరి పేరు ఇంకొకరితో కలిసిపోయింది? ముందే ఊహించిన సంగతి ఏది? ఇవి అభిప్రాయాలు కాదు, జరిగిన విషయాలు, చెప్పడానికి మొహమాటం ఉండదు. ఐదారుగురు చాలు, వాళ్ళలో కనీసం ఇద్దరు మీకు దగ్గరివాళ్ళు కాకుండా, ఆ రకం పుస్తకాలు కొని చదివేవాళ్ళై ఉండాలి. ముగ్గురు ఒకే చోటు చూపిస్తే అక్కడ తప్పున్నట్టే. అయితే వాళ్ళు చెప్పే మందు సరైనది కాకపోవచ్చు. నొప్పి ఎక్కడో రోగి సరిగ్గా చెబుతాడు, జబ్బేమిటో మీరే కనుక్కోవాలి.

ప్రూఫులు నేనే చూసుకోవచ్చా?

చూసుకోవచ్చు, కానీ చివరి విడత ఇంకో జత కళ్ళకి ఇవ్వండి. మీరు రాసిందాన్ని మీ కన్ను చదవదు, గుర్తుచేసుకుంటుంది. ఆ అలవాటుని చెడగొట్టాలంటే ఫాంటు మార్చండి, పేజీ వెడల్పు తగ్గించండి, కాగితం మీద ప్రింటు తీయండి, చివరి పేరా నుంచి మొదటికి చదవండి. పాత్రల పేర్లు, ఊళ్ళ పేర్లు ఏ రూపంలో రాస్తున్నారో ఒక జాబితా పెట్టుకుని ఒక్కో పేరూ వెతికి సరిచూడండి. డీటీపీ (కంప్యూటర్‌లో పేజీల కూర్పు) అయ్యాక తప్పకుండా ఇంకోసారి చూడాలి: విరిగిన పదాలు, ఎగిరిపోయిన పేరా, విషయసూచికలో పాత పేజీ నంబర్లు అప్పుడే పుడతాయి. అందరూ వదిలేసే చోట్లు అధ్యాయాల శీర్షికలు, వెనక అట్ట, పుస్తకం వెన్ను. పెద్ద అక్షరాల్లో తప్పుండదని కన్ను నమ్ముతుంది కదా!

## మూడో దశ: పుస్తకం తయారీ

ఈబుక్‌కీ అచ్చుకీ ఒకే ఫైలు సరిపోతుందా?

సరిపోదు. అచ్చుకి ఇచ్చే పీడీఎఫ్‌లో పేజీ బిగించి ఉంటుంది. ఈబుక్‌కి వాడే ఈపబ్‌లో పాఠకుడు అక్షరం సైజు మార్చుకుంటే వరసలన్నీ తిరిగి సర్దుకుంటాయి. ఆ సర్దుబాటుని పాడుచేసేవి మూడు: కొత్త పేజీ కోసం ఎంటర్ మీద ఎంటర్ కొట్టడం, పేరా మొదట్లో ఖాళీ కోసం స్పేసులు వేయడం, శీర్షికని ఊరికే బోల్డ్ చేసి వదిలేయడం. వాటి బదులు పేజ్ బ్రేక్, పేరా ఇండెంట్, హెడింగ్ స్టైల్ వాడండి. హెడింగ్ స్టైల్ ఉంటేనే విషయసూచిక దానంతటదే తయారవుతుంది. పూర్తయ్యాక చిన్న ఫోన్‌లో అక్షరం పెద్దది చేసి, మొదటి నుంచి చివరి దాకా తిప్పి చూడండి.

డీటీపీలో బాగున్న తెలుగు ఈబుక్‌లో పిచ్చి గుర్తుల్లా వస్తోంది. ఎందుకు?

ఆ ఫైలు యూనికోడ్‌లో, అంటే ఏ పరికరమైనా ఒకేలా చదవగలిగే అక్షర పద్ధతిలో, లేదు. పాత డీటీపీ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కల బొమ్మలు పెట్టుకున్నాయి. ఆ ఫాంటు లేని చోట అసలు ఇంగ్లీషు గుర్తులు బయటపడతాయి. మార్పిడి సాధనాలున్నాయి, అయితే మార్చాక ఒత్తులు, అంకెలు, కొటేషన్ గుర్తులు, విరామ చిహ్నాలు పేజీ పేజీ సరిచూడాలి. "క్ష", "ర" ఒత్తు, "ౌ" గుణింతం ఉన్న పదాలు ముందు చూడండి. అన్నిటికంటే మేలు: మూలప్రతి మొదటి నుంచీ యూనికోడ్‌లోనే రాయడం. డీటీపీలో చేసిన చివరి దిద్దుబాట్లు ఆ మూలప్రతిలో కూడా అదే రోజు ఎక్కించండి. లేకపోతే అచ్చు పుస్తకం ఒకటి, ఈబుక్ ఇంకొకటి అవుతాయి.

కవర్ డిజైనర్‌కి ఏమేం చెప్పాలి? ఫైలు ఎందుకు తిరస్కరిస్తున్నారు?

పేజీల సంఖ్య తేలకుండా పూర్తి కవర్ చేయించకండి. వెన్ను మందం పేజీల మీద, కాగితం మీద ఆధారపడుతుంది. రచయితలు సొంతంగా ప్రచురించుకునే అమెజాన్ వేదిక కేడీపీలో నలుపు తెలుపు ముద్రణకి పేజీకి తెల్ల కాగితం 0.0572 మి.మీ., క్రీమ్ కాగితం 0.0635 మి.మీ. లెక్క. 240 పేజీల పుస్తకానికి తెల్ల కాగితమైతే వెన్ను 13.7 మి.మీ., క్రీమ్ అయితే 15.2 మి.మీ. చివరి నిమిషంలో కాగితం మారిస్తే ఆ ఒకటిన్నర మిల్లీమీటర్ల తేడాకే వెన్ను మీది పేరు ముందు అట్ట మీదకి జారుతుంది. 79 పేజీల లోపు పుస్తకానికి వెన్ను మీద అక్షరాలు వేయనివ్వరు.

అంచుల దాకా బొమ్మ ఉంటే నాలుగు వైపులా 3.2 మి.మీ. అదనంగా వదలాలి, కత్తిరింపు కొంచెం అటూ ఇటూ అయినా తెల్లగీత కనపడకుండా. ముద్రణకి బొమ్మ అంగుళానికి 300 చుక్కలు. ఈబుక్ కవర్‌కి ఎత్తు 2560, వెడల్పు 1600 పిక్సెళ్ళు. ఫైలు తిరిగొచ్చేది ఎక్కువగా ఇలాంటి కొలతల దగ్గరే.

ఇక అందం సంగతి: డిజైన్ ఒప్పుకునే ముందు దాన్ని ఫోన్‌లో బొటనవేలి గోరంత చేసి, చెయ్యి చాచి చూడండి. పేరు చదవగలిగితే, ఇది ఏ రకం పుస్తకమో తెలిస్తే పాసైనట్టు. కథలోని సంగతులన్నీ అట్ట మీద కూర్చాలన్న కోరిక చంపుకోండి. ఒక్క వస్తువు చాలు.

ఐఎస్‌బీఎన్ తప్పనిసరా?

ఐఎస్‌బీఎన్ అంటే పుస్తకాన్ని గుర్తించే అంతర్జాతీయ సంఖ్య. కేడీపీలో ఈబుక్‌కి అక్కర్లేదు, అచ్చు పుస్తకానికి కావాలి. 2007 నుంచి అది 13 అంకెలు. ఒక్కో రూపానికి ఒక్కోటి: పేపర్‌బ్యాక్, గట్టి అట్ట, ఈపబ్ వేరు వేరు. అచ్చుతప్పులు దిద్ది మళ్ళీ వేస్తే పాతదే, పెద్ద మార్పులతో కొత్త కూర్పు తెస్తే కొత్తది. ప్లాట్‌ఫామ్ ఉచితంగా ఇచ్చేదాన్ని ఇంకోచోట వాడుకోలేరు, ప్రచురణకర్తగా మీ పేరు రాదు. అంతమాత్రాన హక్కులేమీ పోవు.

నమోదు చేయించకపోతే కాపీరైట్ ఉండదా?

ఉంటుంది. 1886 నాటి బెర్న్ ఒప్పందంలో ఉన్న దేశాల్లో రాసిన క్షణం నుంచే హక్కు పుడుతుంది. నమోదు వివాదం వచ్చినప్పుడు ఆధారంగా పనికొస్తుంది. ఊహకీ, శీర్షికకీ కాపీరైట్ ఉండదు, రాసిన తీరుకే ఉంటుంది. మీ వైపు నుంచి జరిగే పొరపాటు ఒకటుంది: నవలలో సినిమా పాట చరణం పెట్టడం. అనుమతి లేకపోతే తీసేయండి, పాట వినపడుతోందని చెబితే చాలు. డిజైనర్ వాడిన ఫొటోకి, ఫాంటుకి లైసెన్సు ఉందో లేదో రాతపూర్వకంగా తీసుకోండి.

అడిగినప్పుడు అచ్చేసే పద్ధతి మంచిదా, ఒకేసారి వెయ్యి కాపీలా?

ఒకేసారి ఎక్కువ కాపీలు వేసే ఆఫ్‌సెట్‌లో ముందు పెట్టే ఖర్చు ప్లేట్లు, మిషన్ బిగింపు దగ్గరే. కాపీలు పెరిగేకొద్దీ ఒక్కోదాని ధర పడిపోతుంది. అడిగినప్పుడు అచ్చేసే ప్రింట్ ఆన్ డిమాండ్‌లో ఒక కాపీకైనా వందకైనా దాదాపు అదే రేటు. ఆ పడిపోయే రేటు చూసి మోసపోకండి. అమ్ముడుపోని కాపీల ఖర్చు అమ్ముడైనవాటి మీదే పడుతుంది. వెయ్యిలో 300 అమ్మితే, వెయ్యికి అయిన మొత్తాన్ని 300తో భాగించండి, అదీ మీ అసలు ధర. మొదటి పుస్తకానికి కోరిన మేరకు అచ్చేయించడమే మా సలహా. ముందే డబ్బు కట్టిన ఆర్డర్లు చేతిలో ఉంటే అప్పుడు ఆఫ్‌సెట్ గురించి ఆలోచించండి. ఏ పద్ధతైనా ఒక ప్రూఫ్ కాపీ చేతిలోకి తీసుకుని, మధ్య పేజీలో వెన్ను వైపు అక్షరాలు మడతలోకి పోతున్నాయేమో చూడండి. పేజీలు పెరిగితే లోపలి మార్జిన్ పెరగాలి: కేడీపీలో 150 పేజీల దాకా కనీసం 9.6 మి.మీ., 300 దాకా 12.7 మి.మీ.

## నాలుగో దశ: విడుదల

పుస్తకం వివరణలో ఏం రాయాలి?

పొగడ్త కాదు, చిక్కుముడి రాయాలి. ఇలాంటి వివరణలు ఎన్నో కనిపిస్తాయి: "మానవ సంబంధాల లోతుల్ని, మమతానురాగాల విలువని హృద్యంగా చిత్రించిన అపురూప నవల." ఇది ఏ నవలకైనా అతుకుతుంది, కాబట్టి దేనికీ పనికిరాదు. దాన్నే ఇలా చూడండి: "తండ్రి వీలునామాలో ముగ్గురు పిల్లల పేర్లతో పాటు నాలుగో పేరొకటి ఉంది. ఆ పేరు గలవాళ్ళెవరో తల్లికి తెలుసు. చెప్పనంటోంది." ఎవరు, ఏం జరిగింది, ఏది తేలాలి అన్నవి మూడు వాక్యాల్లో వచ్చేశాయి. కేడీపీ 4,000 అక్షరాల దాకా ఇస్తుంది కానీ, ఫోన్‌లో మొదటి కొన్ని వరసలే కనపడి మిగతాది "ఇంకా చదవండి" వెనక దాక్కుంటుంది. అసలు ముడి ఆ వరసల్లోనే ఉండాలి. రచయితకి వచ్చిన బహుమతులు చివర. కథేతర పుస్తకమైతే పాఠకుడి ఇబ్బందితో మొదలుపెట్టి, చదివాక అతను చేయగలిగే పని ఏదో కచ్చితంగా చెప్పండి.

కీలకపదాల గడుల్లో ఏం నింపాలి?

కేడీపీలో పాఠకుడు వెతికే మాటలకి ఏడు గడులు, పుస్తకాన్ని చేర్చడానికి మూడు విభాగాలు ఉంటాయి. శీర్షికలో ఉన్న పదాలు మళ్ళీ రాయడం దండగ. "నవల" లాంటి ఒంటిపదం కంటే పాఠకుడు నిజంగా టైప్ చేసే మాటల గుంపు మేలు: "గ్రామీణ నేపథ్యం కుటుంబ కథ". తెలుగు పుస్తకాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో వెతికేవాళ్ళూ ఉంటారు, వాళ్ళకోసం ఒకటి రెండు గడులు వదలండి. వేరే రచయితల పేర్లు, "బెస్ట్ సెల్లర్", "ఉచితం" లాంటివి నిషిద్ధం.

కేడీపీ సెలెక్ట్‌లో చేరొచ్చా?

చేరితే 90 రోజులు ఆ పుస్తకం డిజిటల్ రూపంలో ఇంకెక్కడా ఉండకూడదు. అచ్చు ప్రతికి ఆ అడ్డు లేదు. బదులుగా కిండిల్ అన్‌లిమిటెడ్ (అమెజాన్ ఈబుక్ చందా పథకం) చందాదారులు చదివిన పేజీలకి డబ్బు, ఆ 90 రోజుల్లో ఐదు రోజులు ఉచితంగా పంచే వీలు దొరుకుతాయి. చిక్కుకునేది ధారావాహికగా రాసినవాళ్ళు: ఇంతకుముందు అధ్యాయాలన్నీ ఎక్కడో పెట్టి మరిచిపోయి ఉంటారు. నమూనాగా 10 శాతం దాకా బయట ఉంచొచ్చు, మిగతాది చేరే ముందే తీసేయాలి. గడువు దానంతటదే పొడిగిస్తారు. వద్దనుకుంటే పొడిగింపు గడిలోని టిక్కు ముందే తీసేయండి.

70 శాతం రాయల్టీ అన్నారు. నాకు అంత రావడం లేదేం?

కేడీపీలో ఆ రేటు నిర్ణీత ధరల మధ్య ఉన్న ఈబుక్‌కే. అమెరికా స్టోరులో అది 2.99 నుంచి 9.99 డాలర్లు, అంతకంటే తక్కువైనా ఎక్కువైనా 35 శాతమే. కొన్ని దేశాల అమ్మకాలకి 70 రావాలంటే సెలెక్ట్‌లో ఉండాలి. పైగా 70 శాతం పథకంలో ఫైలు బరువుని బట్టి డెలివరీ ఖర్చు కోసుకుంటారు. బొమ్మల పుస్తకాలకి ఆ కోత బాగా కనపడుతుంది, బొమ్మల సైజు తగ్గించి ఎక్కించండి.

విడుదలకి ఎంత ముందు నుంచి చెప్పుకోవాలి?

ఎనిమిది వారాలు సరిపోతాయి, అదీ చివరి ఫైలు చేతిలో ఉన్నాకే. ఎనిమిదో వారం తొలి పాఠకులకి కాపీలు, ఆరో వారం కవర్, నాలుగో వారం మొదటి అధ్యాయం, రెండో వారం ముందస్తు ఆర్డర్ల లింకు గుర్తుచేయడం, విడుదల రోజు ఒకే ఒక్క లింకు. తొందరపడి తేదీ ప్రకటించొద్దు. కేడీపీలో ఈబుక్ ముందస్తు ఆర్డర్ పెడితే విడుదలకి 72 గంటల ముందే తుది ఫైలు చేరాలి. చేరకపోతే ఆ ముందస్తు ఆర్డర్లు రద్దయ్యే ప్రమాదముంది.

## ఐదో దశ: పాఠకుల దాకా

నా పుస్తకం గురించి నేనే చెప్పుకోవాలంటే మొహమాటంగా ఉంది.

మీ గురించి చెప్పకండి, పుస్తకంలో ఉన్నదాని గురించి చెప్పండి. "నా పుస్తకం వచ్చింది, ఆదరించండి" అన్న మాటలో పాఠకుడికి దొరికేదేమీ లేదు, అందుకే అడగడం అడుక్కోవడంలా అనిపిస్తుంది. నేత పని మీద నవల రాశారనుకోండి. మగ్గం మీద పోగు తెగితే ఏం చేస్తారో నాలుగు వాక్యాల్లో రాయండి, ఆ తర్వాత "ఇలా బతికే ఒక ఇంటి కథ ఈ నవల" అని లింకు పెట్టండి. రాసేటప్పుడు పోగుచేసి, వాడకుండా మిగిలిపోయిన సమాచారమంతా ఇలాంటి పోస్టులకి ముడిసరుకే. మీరు కష్టపడి నిజాయితీగా రాసిన పుస్తకం, దాన్ని వెతుక్కుంటున్న మనిషి ఎక్కడో ఉన్నారు. ఆ మనిషికి తెలియకుండా ఉంచడం వినయం కాదు.

సోషల్ మీడియాలో వేలమంది ఉన్నారు, అమ్మకాలు మాత్రం లేవు. ఎందుకు?

లైకు కొట్టడానికి క్షణం, కొనడానికి నిర్ణయం కావాలి. మధ్యలో మెట్టు లేదు. ఆ మెట్టు మొదటి అధ్యాయం. "కొనండి" లింకు బదులు "మొదటి అధ్యాయం చదవండి" లింకు ఇచ్చి, ఆ అధ్యాయం చివర కొనే లింకు పెట్టండి. ఎంతమంది తెరిచారో, ఎంతమంది చివరిదాకా వచ్చి లింకు నొక్కారో లెక్క చూడండి. తెరవకపోతే పోస్టు బాగాలేదు. తెరిచి సగంలో పోతే అధ్యాయం బాగాలేదు. చివరిదాకా వచ్చి కొనకపోతే ధర, వివరణ, కవర్ చూడండి. మూడింటికీ మందు వేరు.

ఈమెయిల్ జాబితా ఇంకా అవసరమా? నావి స్పామ్‌లో పడుతున్నాయి.

అవసరమే. సోషల్ మీడియాలో మీ పోస్టు ఎవరికి చూపించాలో వేరేవాళ్ళు నిర్ణయిస్తారు, ఈమెయిల్ నేరుగా వెళుతుంది. స్పామ్‌లో పడటానికి పెద్ద కారణం: ఉచిత జీమెయిల్ చిరునామాని పంపినవారిగా పెట్టి, వేరే సర్వీసు ద్వారా వందలమందికి పంపడం. అది జీమెయిల్ సర్వర్ నుంచి రాలేదని తనిఖీలో తేలిపోతుంది. సొంత డొమైన్ (మీ పేరు మీది వెబ్ చిరునామా) తీసుకుని, ఉత్తరం నిజంగా మీ నుంచే వచ్చిందని రుజువుచేసే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే మూడు రికార్డులు పెట్టించండి. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ రోజుకి వేలల్లో పంపేవాళ్ళకి వీటిని, ఒక్క నొక్కుతో వైదొలిగే సదుపాయాన్ని తప్పనిసరి చేశాయి. చిన్న జాబితాకీ ఇవి మేలే. స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతం చేరకూడదు, అంటే వెయ్యిమందిలో ముగ్గురు నొక్కినా ప్రమాదమే. అడగకుండా ఎవరి చిరునామా ఎక్కించినా ఆ ముగ్గురు తేలిగ్గా పుడతారు.

రివ్యూలు ఎలా తెచ్చుకోవాలి? ఇంట్లోవాళ్ళ చేత రాయించవచ్చా?

వద్దు. అమెజాన్ కుటుంబ సభ్యుల, దగ్గరి స్నేహితుల రివ్యూల్ని ఒప్పుకోదు, డబ్బిచ్చి రాయించుకున్నవాటినీ అంతే. తెలిస్తే తీసేస్తుంది, ఖాతాకే ముప్పు రావచ్చు. ఉచిత కాపీ ఇవ్వొచ్చు, రివ్యూ రాయాలన్న షరతు మాత్రం పెట్టకూడదు. అడగడానికి సరైన చోటు కథ ముగిసిన పేజీ వెనకే: "ఇక్కడిదాకా చదివారు, సంతోషం. మీకెలా అనిపించిందో రెండు వాక్యాలు రాస్తే, ఇంకో పాఠకుడికి దారి చూపినట్టు." ధన్యవాదాలు, పదకోశం, రచయిత పరిచయం తర్వాత పెడితే అక్కడిదాకా ఎవరూ రారు.

చెడ్డ రివ్యూకి జవాబివ్వాలా?

ఇవ్వొద్దు. వాస్తవం తప్పయితే, అంటే పేజీలు ఊడాయి, ఫైలు తెరుచుకోలేదు అంటే మాత్రం వెంటనే సరిచేయండి. కథ నచ్చలేదన్నది పాఠకుడి హక్కు.

ప్రకటనలకి డబ్బు పెట్టాలా?

లెక్క కుదిరితేనే. ఒక కాపీ అమ్మితే మీకు మిగిలేది వంద భాగాలనుకోండి. వంద క్లిక్కులకి ఎనిమిది కాపీలు పోతుంటే, క్లిక్కుకి ఎనిమిది భాగాలకి మించి పెడితే నష్టమే. కాబట్టి ముందు చిన్న మొత్తంతో వంద క్లిక్కులు కొని, అమ్మకాలు లెక్కపెట్టండి. అంతకంటే తక్కువ క్లిక్కులతో నిర్ణయానికి రావద్దు, పది క్లిక్కులకి ఒక అమ్మకం అదృష్టం కూడా కావచ్చు. క్లిక్కులే రాకపోతే కవర్ దోషం, వచ్చి కొనకపోతే వివరణ, నమూనా దోషం. ఆ దోషాలు దిద్దకుండా ఖర్చు పెంచితే నష్టమే పెరుగుతుంది. ఒక్క పుస్తకంతో ప్రకటనలు గిట్టుబాటు కావడం కష్టం. మూడు పుస్తకాల వరస ఉంటే మొదటిదాన్ని కొన్నవాళ్ళు మిగతా రెండూ కొనే వీలుంది కాబట్టి క్లిక్కుకి ఎక్కువ పెట్టే వెసులుబాటు దొరుకుతుంది.

ప్రచారంలో పడి కొత్తది రాయలేకపోతున్నాను. సమయం ఎలా పంచుకోను?

రెండూ ఒకే పూట పెట్టుకోకండి. రోజులో మెదడు తాజాగా ఉండే గంట రాతకి, అప్పుడు ఫోన్ వేరే గదిలో. ప్రచారానికి వారంలో ఒకే పూట, రెండు గంటలు: ఆ వారం పోస్టులు మూడూ అప్పుడే రాసి, రోజులవారీగా వెళ్ళేలా షెడ్యూల్ చేసేయండి, ఉత్తరాలకి జవాబులు అప్పుడే ఇవ్వండి. విడుదలకి అటూ ఇటూ నాలుగు వారాలు ఈ లెక్క తిరగబడినా పరవాలేదు, ఆ రోజుల్లో కూడా కొత్త పుస్తకం ఫైలు రోజూ తెరిచి ఒక్క పేరా అయినా రాయండి. అమ్మకాల పట్టిక వారానికోసారి, ప్రచారం పూటే చూడండి. పొద్దున్నే దాన్ని చూసి రాయడానికి కూర్చుంటే, ఆ రోజు రాసే వాక్యాల్లో ఆ అంకె కనపడుతుంది.